పిల్లను వెక్కిరించకండి, దుకాణం చిట్టా విప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో టీనేజీ పాఠకుల కోసం వేస్తున్న భవిష్యత్తు కథల గురించి ఈ ఉత్తరం. ఫ్యాషన్, పేరు, కొనుగోళ్ల పిచ్చి రాజ్యమేలే రేపటి లోకాన్ని ఊహించి ఎండగట్టే డిస్టోపియా కథలను పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు ఇష్టంగా చదువుతారు. ఏం తొడుక్కుంటే ఎవరు చూస్తారు, ఎవరూ చూడకపోతే తానెవరు అన్న బెంగ ఆ వయసులో రోజూ ఉండేదే. వాళ్ల మనసుకు ఇంత దగ్గరి విషయం మీద వచ్చే కథలు బాగుండి తీరాలి. కథలు ఎంచేవాళ్లకూ రాసేవాళ్లకూ చేతిపనిలో ఉపయోగపడే సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ఈ కథల్లో చాలా భాగం ఒకేచోట బోల్తా పడతాయి. రచయిత కోపమంతా సెల్ఫీ దిగే అమ్మాయి మీద, కొత్త బూట్ల కోసం అలిగే అబ్బాయి మీద పడుతుంది. వాళ్లకు బుర్ర లేదని, ముఖానికి రంగు తప్ప లోకంలో మరేదీ పట్టదని పేజీలకు పేజీలు నడుస్తాయి. ఆ బూట్లు అమ్మినవాడు మాత్రం కథలో ఎక్కడా కనిపించడు. వస్తే గిస్తే చివర్లో దుష్ట పాలకుడి వేషంలో వచ్చి ఒక ఉపన్యాసం ఇచ్చి పోతాడు. ఇది తనను తిట్టడానికి రాసిన కథేనని పదిహేనేళ్ల పాఠకురాలు రెండో పేజీలోనే పసిగడుతుంది, పక్కన పడేస్తుంది. ఆమె చేసింది తప్పేమీ కాదు. అధిక్షేపం తగలవలసింది కోరికను పుట్టించి, కొలిచి, పొట్లం కట్టి అమ్మే ఏర్పాటుకు. ఆ ఏర్పాటు చిట్టా కథలో కనబడాలి: ఎవరు కుట్టారు, ఎవరు కొన్నారు, లాభం ఎవరి జేబులో పడింది, మిగిలింది ఏ గోతిలోకి పోయింది.

చిట్టా ఒక నియమంతో మొదలవుతుంది. ఇలాంటి లోకాన్ని నిలబెట్టడానికి ఒక్క నియమం చాలు. రెండు పెడితే పాఠకుడు తికమకపడతాడు, మూడు పెడితే రచయితే మర్చిపోతాడు. దాన్ని ప్రభుత్వ నోటీసు భాషలో, ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ఉదాహరణకు: ‘ఒకసారి ఫొటోలో పడిన దుస్తులను మరోసారి ధరించి బహిరంగ ప్రదేశంలో కనిపించరాదు.’ కథ మొదలుపెట్టకముందే ఈ వాక్యాన్ని పట్టుకుని అడగవలసినవి అడగాలి. దీనివల్ల లాభం ఎవరికి? ఎవరు, ఏ పరికరంతో తనిఖీ చేస్తారు? తప్పితే శిక్ష ఏమిటి? మినహాయింపు ఎవరికి ఉంది? ఒక్కరోజు తొడిగిన బట్ట మర్నాడు ఎక్కడికి పోతుంది? వీటిలో చివరి రెంటిని దాదాపు అందరూ వదిలేస్తారు. కథకు ప్రాణం ఆ రెంటిలోనే ఉంది. మినహాయింపు ఎవరికో తేలితే అధికారం ఎవరిదో తేలుతుంది. పాత బట్ట పోయే చోటు తేలితే, కథానాయిక మొదటిసారి ఊరు దాటి వెళ్లవలసిన చోటు కూడా తేలిపోతుంది.

ఇక లెక్క. పది లక్షల మంది ఉన్న నగరం అనుకుందాం. మనిషికి రోజుకొక కొత్త చొక్కా. మామూలు నూలు టీషర్టు ఒక్కదానికి పత్తి పండించడం నుంచి అద్దకం దాకా సుమారు 2,700 లీటర్ల నీరు పడుతుందన్నది తరచూ వాడే అంచనా. అంటే రోజుకు 270 కోట్ల లీటర్లు. ఒక్కో చొక్కా 200 గ్రాములనుకుంటే ప్రతి సాయంత్రం 200 టన్నుల గుడ్డ చెత్తలో పడుతుంది. ఈ అంకెలను కథలో చెప్పనక్కర్లేదు, చెప్పకపోవడమే మంచిది. రచయిత నోటుపుస్తకంలో ఉంటే చాలు. ఆ నగరం పక్కన నది ఎందుకు ఎండిందో, అక్కడ ఎందుకు నూలు బట్టే దొరకదో, అందరూ పెట్రోలియం నుంచి తీసిన పాలియెస్టరే ఎందుకు కడుతున్నారో అవే చెబుతాయి. ఇప్పటికే ప్రపంచంలో తయారయ్యే పీచులో సగానికి పైగా పాలియెస్టరే కాబట్టి, ఊహ పెద్దగా సాగాల్సిన అవసరం కూడా లేదు.

లెక్క వేసినవాళ్లకు ఎవరూ అడగకుండానే వివరాలు దొరుకుతాయి. ఒక్కరోజే కట్టే బట్టను ఎవరూ ఉతకరు. అందుకని ఆ ఊళ్లో సబ్బు ఉండదు, దండెం ఉండదు, ఇస్త్రీపెట్టె ఏమిటో పిల్లలకు తెలియదు. సూది అమ్మడం నేరం కాకపోయినా అడిగేవాడే లేడు. మామూలు బట్టకు అంగుళానికి ఎనిమిది నుంచి పన్నెండు కుట్లు పడతాయి. ఒక్కరోజు నిలిస్తే చాలు అనుకున్నప్పుడు కంపెనీ నాలుగు కుట్లతో సరిపెడుతుంది, దారం మిగులుతుంది, మిషను వేగంగా నడుస్తుంది. ఫలితంగా సాయంత్రమయ్యేసరికి చంకల దగ్గర కుట్టు విడుతుంది. కాబట్టి చీకటి పడ్డాక చేతులు పైకెత్తకపోవడం ఆ ఊరి మర్యాద అవుతుంది. పాటల కచేరీలో అందరూ మోచేతులు పక్కటెముకలకు అదిమిపెట్టుకుని చప్పట్లు కొడతారు. ఎత్తున ఉన్న అరలోంచి వస్తువు అందుకోవలసి వస్తే పెద్దింటి పిల్ల పనిపిల్లను పిలుస్తుంది. ఇదే అధిక్షేపం. ఎవరినీ తిట్టలేదు. అంగుళానికి నాలుగు కుట్లు అన్న ఒక్క పిసినారి నిర్ణయం జనం ఒంటి కదలికనే ఎలా మార్చేసిందో చూపించాం, అంతే. డ్రోన్లు, హోలోగ్రాములు, ఎగిరే కార్లు పెట్టి మూడు పేజీలు వర్ణించినా ఈ ఒక్క మోచేతికి సాటిరావు.

శిక్ష గురించి కూడా ఒక మాట. జైలు, కొరడా, ఉరి ఈ రకం కథకు అతకవు. పేరే సర్వస్వమైన చోట శిక్ష కూడా పేరుకు సంబంధించినదే అయివుండాలి. నియమం తప్పిన అమ్మాయి ముఖం ఆ వారమంతా స్నేహితుల ఫొటోల్లో మసకగా వస్తుందనుకోండి. ఎవరూ ఆమెను కొట్టరు, తరమరు. పక్కన నిలబడితే తమ ఫొటో పాడవుతుందని స్నేహితులే మెల్లగా జరిగి నిలబడతారు. పాఠకుడికి భయం పుట్టేది అక్కడ.

అతిశయోక్తి ఎంత వేయాలన్నది ఈ పనిలో కష్టమైన భాగం. ఉన్న వాస్తవం మీద ఒక్క మెట్టు ఎక్కాలి, పది మెట్లు ఎక్కితే అది ఉత్త కార్టూను అవుతుంది. ఎక్కడానికి ముందు వాస్తవం ఏ మెట్టు మీద ఉందో తెలిసుండాలి కదా. ఇక్కడే చాలామందికి చదువు చాలదు. బ్రిటన్‌లోని ఖరీదైన దుస్తుల సంస్థ బర్బెరీ ఒక్క ఏడాదిలో 2.86 కోట్ల పౌండ్ల విలువైన, అమ్ముడుపోని సరుకును నాశనం చేసినట్టు 2018లో బయటపడింది. చౌకగా అమ్మితే బ్రాండు విలువ పడిపోతుందన్నది ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన లెక్క. గొడవ రేగాక అదే ఏడాది సెప్టెంబరులో ఆ పద్ధతి ఆపేస్తామని ప్రకటించింది. ఫ్రాన్స్ 2020లో చట్టం చేసి 2022 జనవరి నుంచి అలా తగలబెట్టడాన్ని నిషేధించింది. ఇది వాస్తవం. దీని మీద ఒక్క మెట్టు ఎక్కితే: అమ్ముడుపోని బట్టలు తగలబెట్టిన వేడితోనే పేదవాడల్లో చలికాలం ఇళ్లు వెచ్చబడే నగరం. అక్కడ పేదలు ఈ ఏటి ఫ్యాషన్ ఎవరికీ నచ్చకూడదని మొక్కుకుంటారు. నచ్చిన ఏడాది ముసలివాళ్లు చలికి పోతారు. కొత్త డిజైన్ విడుదలైన రాత్రి ఒక వాడలో సంబరం, ఒక వాడలో నిశ్శబ్దం. కథానాయిక రెండు వాడల మధ్య తిరిగే పిల్ల అయితే నవలకు సరిపడా సరుకు దొరికినట్టే.

వాస్తవమే అన్ని మెట్లూ ఎక్కి కూర్చున్న చోట ఇక అతిశయోక్తి జోలికి పోకూడదు. పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా గౌన్లకూ కాగితపు పూలకూ మోజుగా వాడిన పచ్చరంగులో ఆర్సెనిక్ ఉండేది. లండన్‌లో అలంకారపు పూలకు ఆ పచ్చపొడి అద్దే పని చేసిన మటిల్డా షూరర్ 1861లో పంతొమ్మిదేళ్లకే విషం ఎక్కి చనిపోయింది. కనుగుడ్ల తెలుపు కూడా పచ్చబడిందని ఆనాటి పత్రికలు రాశాయి. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలకు పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తులోని బ్యాంకు తన సిబ్బందిని పంపేసింది. పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. ఇలాంటి సంఘటనను కథలో హాస్యానికి వాడకూడదు, పేరు మార్చి దాచనూ కూడదు. అధిక్షేపం నడుస్తున్న కథలో ఒకచోట నవ్వు పూర్తిగా ఆగిపోవాలి. ఆగే చోటు ఇదే. చిలీ ఉత్తరాన అటకామా ఎడారిలో లోకమంతా విడిచిన బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి, వాటిలో ధర చీటీ కూడా తీయనివి కొన్ని. ఆ గుట్టను వర్ణించేటప్పుడు విశేషణాలు అక్కర్లేదు. ఒక చొక్కా తీసి, చీటీ చదివి, మళ్లీ అక్కడే పెట్టే పాత్ర చాలు.

చట్టాల చరిత్ర కూడా తిరగేసి చూడదగ్గది. ఎవరు ఏ బట్ట కట్టాలో ప్రభుత్వాలే శాసించిన కాలం ఒకటుంది. ఇంగ్లండ్‌లో మొదటి ఎలిజబెత్ రాణి 1574లో ఇచ్చిన ఉత్తర్వులో ఊదారంగు పట్టు దాదాపు రాజవంశానికే పరిమితం, పట్టు, వెల్వెట్, బొచ్చు ఏ హోదావాళ్లు ఎంతవరకు వాడొచ్చో వరసగా రాసి ఉంది. అప్పటి చట్టం పైవాళ్ల బట్ట కిందివాళ్లు కట్టకుండా ఆపింది. ఈ కాలపు డిస్టోపియాలో నియమం తలకిందులవుతుంది: కట్టకుండా ఉండటానికి వీల్లేదు. కొనకపోవడమే నేరం. ఈ తిరగేత అర్థమైతే నోటీసుల భాష దానంతటదే వస్తుంది. పాత ఉత్తర్వుల గంభీరమైన నడక అలాగే ఉంచి, నిషేధం ఉన్న చోట ఆజ్ఞ పెడితే సరిపోతుంది.

ఇప్పుడు పేరు సంగతి. జనాదరణే డబ్బుగా చెల్లే లోకాలు చాలామంది రాస్తారు, లెక్క మాత్రం వేయరు. ఒక పాత్రకు కోటి మంది అనుచరులు, ఇంకొకరికి పది కోట్లు అంటారు. పాఠకుడికి ఆ రెంటికీ తేడా తెలియదు. అంకెలు చిన్నవిగా ఉండాలి, వాటి పతనానికి ఒక సూత్రం ఉండాలి. ప్రతి 24 గంటల్లో క్రమంగా తరిగి సగమయ్యే పేరు అనుకోండి. సోమవారం ఉదయం 1,000 ఉన్న అమ్మాయి ఏమీ చేయకుండా కూర్చుంటే మర్నాడు 500, ఎల్లుండి 250, వచ్చే సోమవారానికి ఎనిమిది కూడా మిగలదు. ఎనిమిది గంటలు నిద్రపోతే 1,000 కాస్తా 794 అవుతుంది. అంటే ఆ లోకంలో నిద్ర పోవడమంటే పేరులో అయిదో వంతు పోగొట్టుకోవడం. ఇక చెప్పాల్సిందేముంది? ఎవరు నిద్రపోగలరో, ఎవరు అక్కాచెల్లెళ్లను వంతులవారీగా మేలుకోబెట్టి తమ పేరు నిలబెట్టించుకుంటారో, జ్వరం వస్తే ఏమవుతుందో, అన్నీ ఆ ఒక్క భాగహారంలోంచి పుట్టుకొస్తాయి. అంకె పక్కన ఆకర్షణ కూడా ఉండాలి. తెరను ఎంత జరిపినా తరగని వరసను 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ తర్వాతి కాలంలో దాని ఫలితాలకు బాహాటంగా విచారం వెలిబుచ్చారు. ఫేస్‌బుక్ 2009లో లైక్ మీట పెట్టింది. 2016 నుంచి మిక్వెలా అనే కంప్యూటర్ బొమ్మ, రక్తమాంసాలున్న అమ్మాయిలాగే బట్టలకు ప్రచారం చేస్తోంది. నిద్రే లేని ఆ బొమ్మతో నిద్ర అవసరమైన పిల్ల పోటీపడాలి. పోటీ మొదటి రాత్రే తేలిపోతుంది, పిల్లకు తెలియడానికే నవలంతా పడుతుంది.

కోరికను తయారుచేసే పనితనం ఎంత నాజూకైనదో తెలియాలంటే ఎడ్వర్డ్ బెర్నేస్ పని చూడాలి. అమెరికాలో ప్రచార వృత్తికి ఆద్యుల్లో ఒకడు. 1929 ఈస్టర్ ఊరేగింపులో న్యూయార్క్ వీధిలో ఆడవాళ్ల చేత సిగరెట్లు కాల్పించి, వాటికి స్వేచ్ఛాజ్యోతులని పేరుపెట్టించాడు. వెనకున్నది పొగాకు కంపెనీ డబ్బు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది 1934 నాటి పని. ఆ సిగరెట్టు పెట్టె పచ్చగా ఉండేది, తమ బట్టలకు నప్పడం లేదని ఆడవాళ్లు కొనడం లేదు. పెట్టె రంగు మార్చడానికి యజమాని ఒప్పుకోలేదు. అప్పుడు బెర్నేస్ పెట్టెను అలాగే ఉంచి లోకం రంగు మార్చడానికి పూనుకున్నాడు. పెద్దింటి ఆడవాళ్లతో ఒక ధర్మకార్యం పేరిట పచ్చరంగు విందు నాట్యం ఏర్పాటు చేయించాడు. బట్టల తయారీదారులను, ఇంటి అలంకరణ నిపుణులను, పత్రికల ఫ్యాషన్ పేజీలను ఆ రంగు వైపు తిప్పాడు. ఆ ఏడాది మోజు రంగు పచ్చ అయింది. కథ రాసేవాళ్లు ఇందులోంచి నేర్చుకోవలసింది వరస: ముందు ఒక గొప్ప కారణం, తర్వాత గౌరవనీయులైన మనుషులు, తర్వాత నిపుణుల మాట, తర్వాత పత్రిక, అన్నిటికంటే చివర సరుకు. మీ కథలోని కంపెనీ ఈ వరస తప్పి నేరుగా ‘కొనండి’ అని అరిచిందంటే ఆ కథ తేలిపోతుంది. నిజమైన అమ్మకందారు ఎప్పుడూ అరవడు.

కథానాయిక దగ్గరికి వస్తే, మొదటి పేజీ నుంచే అన్నీ తెలిసిన జ్ఞాని అయిన పిల్లను దయచేసి వేయకండి. అందరూ మూర్ఖులు, తానొక్కతే మేల్కొన్నది అన్న పాత్ర చదివేవాళ్లకు దూరమవుతుంది. ఆమెకు ఆ గౌను కావాలి. మనస్ఫూర్తిగా, ఒళ్లంతా కోరికై కావాలి. మొదటి అధ్యాయం ముగిసేసరికి చదివేవాళ్లకు కూడా అది కావాలనిపించాలి. తర్వాతి అధ్యాయాల్లో దాని ఖరీదు ఒక్కో వాయిదాగా చెల్లించాలి. ఇందులో జారిపోయే చోటు ఒకటుంది. ఆడంబరాన్ని ఖండించడానికి బయల్దేరిన రచయితే అలంకరణ సన్నివేశంలో మైమరచి నాలుగు పేజీలు రాస్తాడు, కుట్టిన చేతులకు నాలుగు వాక్యాలు కూడా ఇవ్వడు. కోరికకు ఎన్ని మాటలు ఇచ్చారో, దాని ఖరీదుకు ఎన్ని ఇచ్చారో రాతప్రతి మీద గీతలు గీసి లెక్కపెట్టుకోవడం మంచిది. ఖరీదు వైపు సగం కూడా లేకపోతే అది గౌను ప్రకటనే. రెంటినీ ఒకే వాక్యంలో కలపగలిగితే ఇంకా మేలు. ఇలా:

‘మెడ చుట్టూ కుట్టిన పూసలు నీళ్లలా కదులుతున్నాయి. లెక్కపెట్టాను, మూడు వందల పన్నెండు. రెండు వందల తొంభై దాకా వరస తీరుగా ఉంది, ఆ తర్వాత కొద్దిగా పక్కకు ఒరిగింది. అక్కడికి వచ్చేసరికి కుట్టినామెకు నిద్ర ముంచుకొచ్చి ఉంటుంది. ఆ ఒరిగిన చోటే నా మెడకు సరిగ్గా అమరింది. వదల్లేకపోయాను.’

గౌను అందం తగ్గలేదు, పిల్ల కోరిక తగ్గలేదు, కుట్టినామె మాత్రం గదిలోకి వచ్చేసింది.

భాష గురించి. ఈ కథల్లో సగం నవ్వు నోటీసుల్లో, చీటీల్లో, షరతుల్లో, పేరున్నవాళ్లు చెప్పే క్షమాపణల్లో ఉంటుంది. ప్రకటన రాస్తే ఇరవై అయిదు మాటలు దాటకూడదు, ఆశ్చర్యార్థకం ఉండకూడదు, సరుకు దేనితో చేశారో చెప్పకూడదు. ప్రేమగా మాట్లాడాలి. కంపెనీకి క్రూరమైన పేరు పెట్టడం తొందరపాటు, ఓదార్పుగా ధ్వనించే పేరు పెడితేనే ఒళ్లు జలదరిస్తుంది. ఉన్న బ్రాండు పేరులో ఒక అక్షరం మార్చి వాడితే వారం రోజుల జోకు అవుతుంది, వకీళ్లతో తలనొప్పి అదనం. బతికున్న తారల పోలికలూ అంతే, మనిషిని కాకుండా వేషాన్ని పట్టుకోవాలి. కొత్తగా పుట్టించే మాటలు నవలంతటికీ ఆరేడు మించకూడదు. ప్రతిదాన్నీ మొదటి ఇరవై పేజీల్లో మూడుసార్లు, అర్థం సందర్భంలోంచే తెలిసేలా వాడాలి. ఇవాళ్టి పిల్లల యాస యథాతథంగా దించితే పుస్తకం అచ్చయ్యేలోపే పాతబడుతుంది.

ఇక పట్టుదలగా చెప్పవలసిన విషయం ఒకటుంది. చదివేది పదమూడేళ్ల పిల్లలు కూడా. తిండి మానేసి సన్నబడే పాత్ర వస్తే బరువు, నడుము కొలత, ఎన్ని కేలరీలు, ఏ ఉపాయం అన్న అంకెలు ఒక్కటీ రాయకూడదు. ఖండించడానికే రాసినా, అప్పటికే తిండితో బాధపడుతున్న పిల్లకు అది గైడుపుస్తకంలా పనిచేస్తుంది. లావుగా ఉండటాన్ని దుర్మార్గానికి గుర్తుగా, నలుపును వికారానికి గుర్తుగా, చిరుగుబట్టను నవ్వుకు సాధనంగా వాడిన కథ తాను ఎండగడుతున్నానన్న విలువలనే మోస్తుంది. బొమ్మలు వేసేవాళ్లకూ ఇదే మాట వర్తిస్తుంది. మోడళ్ల ఒంటి ఆకారాన్ని కంప్యూటర్‌లో మార్చిన ప్రకటన ఫొటోకు ఆ సంగతి తెలిపే ముద్ర ఉండాలని ఫ్రాన్స్ 2017లో, అలాంటి నిబంధననే నార్వే 2022లో అమల్లోకి తెచ్చాయి. పత్రిక బొమ్మల్లో సన్నని నడుములు, పొడుగు కాళ్లు మాత్రమే కనబడితే లోపలి కథ ఎంత మంచిదైనా పిల్లల కంటికి ముందు చేరేది ఆ బొమ్మే.

ముగింపుల్లో అందరూ చేసే పని తెర పగలగొట్టడం. తెర పగులుతుంది, జనం కళ్లు నులుముకుని లేస్తారు, అయిపోయింది. ఇలాంటి ఏర్పాటు అలా కూలదు. దానికి ఎదురుతిరగడాన్ని కూడా సరుకుగా మార్చి అమ్మే శక్తి ఉంది. కథానాయిక చిరిగిన చొక్కాను కుట్టుకుని బయటికి వస్తుంది. నెల తిరక్కముందే ముందుగానే చించి కుట్టిన చొక్కాలు దుకాణాల్లోకి వస్తాయి. ఇది ఊహ కూడా కాదు. కష్టజీవి బట్టలా వెలిసినట్టు కనిపించాలని జీన్స్‌పై ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టే పద్ధతి ఉండేది. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరి పనివాళ్లు సిలికోసిస్‌తో చనిపోవడంతో టర్కీ 2009లో దాన్ని నిషేధించింది. పనిచేసి అరిగినట్టు కనబడటం కోసం నిజంగా పనిచేసేవాడి ఊపిరి అరిగిపోయింది. నవలలో మూడో భాగం ఇక్కడి నుంచి నడవాలి: తన తిరుగుబాటే ఎవరి ప్రాణాలో తీస్తోందని తెలిసినప్పుడు ఆ పిల్ల ఏం చేస్తుంది? ఫొటో తీయనివ్వని పని ఏదో వెతుక్కోవాలి. నియమం రద్దు కానక్కర్లేదు, ఒక సవరణ వస్తే చాలు. ఎవరు, ఎందుకు ఒప్పుకున్నారో చిట్టాలో కనిపించాలి.

మీ పత్రిక చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఒకే వారంలో ముగిసే కథలో ఇలాంటి లోకాన్ని కట్టడం కష్టం, పది వారాలు, వారానికి 1,200 మాటల చొప్పున ధారావాహికకు చోటివ్వండి. ఎంపికకు పంపేటప్పుడే కథతోపాటు ఒక పేజీ చిట్టా అడగండి: నియమం, లాభం ఎవరికి, తనిఖీ ఎవరిది, శిక్ష, మినహాయింపు, మిగులు పోయే చోటు. అది రాయలేనివాళ్ల కథ అయిదో వారంలో ఎలాగూ ఆగిపోతుంది. అచ్చుకు ముందు ముగ్గురు నలుగురు పదిహేనేళ్ల పిల్లలకు ఇచ్చి, ఎక్కడ చదవడం మానేశారో ఆ వాక్యం కింద గీత గీయమనండి. అభిప్రాయం అడిగితే మర్యాదకు బాగుందంటారు, గీత మాత్రం అబద్ధమాడదు.

ఇంకొకటి, కాస్త ఇబ్బంది పెట్టేదే. ఈ కథలు వేసే పేజీలో బట్టల ప్రకటనలు వేయకండి. డబ్బు తీసుకుని వేసే ఫ్యాషన్ వ్యాసాలకు ‘ప్రకటన’ అన్న మాట పైన, శీర్షిక సైజులో, చదవగలిగే రంగులో పెట్టండి. మూలన సన్నక్షరాల్లో పెడితే పిల్లలకు అది వార్తలాగే కనిపిస్తుంది. బెర్నేస్ వరసలో పత్రికది నాలుగో స్థానం, సరుకుకు సరిగ్గా ముందుది. ఆదాయం తగ్గుతుందని ప్రకటనల విభాగం అభ్యంతరం చెబుతుంది, ఎంత తగ్గుతుందో లెక్క అడగండి. ఆ లెక్కను ధారావాహిక మొదటి వారమే పాఠకులకు చూపించగలిగితే ఇంకా మంచిది.

ఇట్లు,
యువ పాఠకుల కథలు దిద్దే ఒక పాఠకురాలు